మొసళ్ల గండి, గబ్బిలాల గుహ: స్నేహితులతో కింబర్లీకి వెళ్లాలంటే

పెర్త్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉండే మనవాళ్లు ‘ఔట్‌బ్యాక్ ట్రిప్’ అనగానే వేసే ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. వారం సెలవు పెట్టడం, వెస్టర్న్ ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న కింబర్లీకి చేరుకోవడం, గిబ్ రివర్ రోడ్డును ఈ చివర నుంచి ఆ చివరిదాకా దున్నేయడం. ఆ రోడ్డు సుమారు 660 కిలోమీటర్లు, ఎక్కువ భాగం మట్టి, గులకరాళ్లు. దారిలో తగిలిన గార్జ్‌లన్నీ (కొండలను నది కోసిన గండులు) చూసేయాలని పోయినవాళ్లకు ఆఖరికి గుర్తుండేది స్టీరింగ్, దుమ్ము, నడుం నొప్పి.

నా సలహా వేరు. రెండే చోట్లు పెట్టుకోండి: విన్‌జానా గార్జ్, టన్నెల్ క్రీక్ గుహ. రెండింటికీ మధ్య దూరం 35 కిలోమీటర్లకు అటూ ఇటూ. విన్‌జానా దగ్గర రెండు రాత్రులు ఉండండి. మొసళ్లు, గబ్బిలాలు, కాకటూలు (చిలుక జాతి పక్షులు), వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి) అన్నీ అక్కడే కనిపిస్తాయి, కాకపోతే నిదానంగా ఉన్నవాళ్లకే కనిపిస్తాయి. ఈ గైడ్ అంతా ఆ లెక్కలోనే రాస్తున్నాను.

1. ముందు నెల చూసుకోండి

కింబర్లీలో మనకు పనికొచ్చే లెక్క రెండు కాలాలే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, మే నుంచి అక్టోబరు దాకా పొడి. వానాకాలంలో వాగులు రోడ్ల మీదుగా పారతాయి, పార్కులు మూసేస్తారు. మే మొదట్లో కూడా రోడ్డు ఇంకా బాగుచేస్తూ ఉండొచ్చు. జూన్ చివర నుంచి ఆగస్టు దాకా మంచి సమయం. నది పారడం ఆగి మడుగులు మిగులుతాయి, మొసళ్లన్నీ ఆ మడుగుల చుట్టూ చేరతాయి. పగలు ముప్పై డిగ్రీలు దాటినా రాత్రి చలి వేస్తుంది. ‘ఎడారి కదా’ అని దుప్పటి లేకుండా వచ్చేవాడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు.

బుక్ చేసే ముందు రెండు సైట్లు చూడండి: వెస్టర్న్ ఆస్ట్రేలియా పార్కుల శాఖ హెచ్చరికలు, మెయిన్ రోడ్స్ (రాష్ట్ర రోడ్ల శాఖ) వాళ్ల రోడ్డు మ్యాప్. 2023 జనవరిలో వచ్చిన వరదకు ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ అనే ఊరి దగ్గర హైవే వంతెనే దెబ్బతింది, కొత్త వంతెన డిసెంబరులో తెరిచారు. ఆ వరద ఈ చుట్టుపక్కల రోడ్లనూ పార్కులనూ వదల్లేదు. కాబట్టి పోయినేడాది వెళ్లొచ్చిన ఫ్రెండ్ మాట మీద బయల్దేరకండి. బయల్దేరే రోజు పొద్దున కూడా ఇంకోసారి చూసుకోండి.

2. దారి, బండి

పెర్త్ నుంచి బ్రూమ్ దాకా విమానంలో వెళ్లి అక్కడ బండి అద్దెకు తీసుకోవడం తెలివైన పని. రోడ్డు మీద అయితే రెండు వేల కిలోమీటర్ల పైమాటే, పోవడానికీ రావడానికీ సెలవంతా అయిపోతుంది. బ్రూమ్ నుంచి డెర్బీ 220 కిలోమీటర్లు, మంచి తారు రోడ్డు. డెర్బీ నుంచి గిబ్ రివర్ రోడ్డు మీద సుమారు 120 కిలోమీటర్లు వెళ్లాక కుడివైపు లెపర్డ్ డౌన్స్ కాదు, లియోపోల్డ్ డౌన్స్ అనే రోడ్డు వస్తుంది (పేరు సరిగ్గా గుర్తు పెట్టుకోండి, అక్కడ ఎవర్నైనా అడుగుదామన్నా మనిషి ఉండడు). దాని మీద మరో ఇరవై కిలోమీటర్లకు విన్‌జానా. అదే రోడ్డు ముందుకు సాగి టన్నెల్ క్రీక్ మీదుగా గ్రేట్ నార్తర్న్ హైవేలో కలుస్తుంది. అంటే వచ్చిన దారినే వెనక్కి పోకుండా ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ వైపు దిగి, తారు రోడ్డు మీద బ్రూమ్ చేరుకోవచ్చు.

బండి ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ అయి ఉండాలి. మామూలు కారును మట్టి రోడ్డు మీదకు తీసుకెళ్తే చాలా రెంటల్ ఒప్పందాల్లో ఇన్సూరెన్స్ వర్తించదు. ఫోర్ వీల్ డ్రైవ్ అయినా ‘గిబ్ రివర్ రోడ్డుకు అనుమతి ఉందా’ అని అడిగి, జవాబు కాగితం మీద గానీ ఈమెయిల్‌లో గానీ తీసుకోండి. స్పేర్ టైర్లు రెండుంటే మంచిది. జాకీ, వీల్ స్పానర్ ఎక్కడున్నాయో బ్రూమ్‌లోనే బయటికి తీసి చూడండి. ఒక టైరు విప్పి బిగించి చూస్తే ఇంకా మంచిది, పార్కింగ్‌లో నలుగురూ నవ్వినా సరే.

తారు అయిపోగానే బండి ఆపి టైర్లలో గాలి కాస్త తగ్గించండి. బండి బరువును బట్టి 30 పీఎస్ఐ చుట్టూ ఉంటే గతుకులు తక్కువ తగులుతాయి, రాళ్లకు టైరు చీలే ప్రమాదమూ తగ్గుతుంది. గాలి తగ్గించాక వేగమూ తగ్గించాలి. ఎదురుగా రోడ్ ట్రెయిన్ వస్తే (మూడు నాలుగు ట్రెయిలర్లు తగిలించుకున్న లారీ) ఎడమకు జరిగి, దాదాపు ఆగిపోయి, దుమ్ము తేరుకున్నాకే కదలండి. ఆ దుమ్ములో ముందేముందో కనపడదు. ఇక పొద్దు వాలాక డ్రైవింగ్ వద్దు. ఆవులు, వాలబీలు రోడ్డెక్కేది అప్పుడే. ఇక్కడి పశువుల ఫారాలకు చాలాచోట్ల కంచె ఉండదు.

3. సరుకులు

డెర్బీలోనే ట్యాంకు ఫుల్ చేయించుకోండి, సామాన్లూ అక్కడే కొనండి. గార్జ్ దగ్గర పెట్రోల్ బంకు లేదు, కొట్టు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. తాగే నీళ్లు మనిషికి రోజుకు కనీసం ఐదు లీటర్లు లెక్కేసి, దానిపైన ఇంకో రోజుకు సరిపడా ఎక్కువ పెట్టుకోండి. నీళ్లన్నీ ఒకే పెద్ద డబ్బాలో పోయొద్దు. ఆ డబ్బా పగిలితే అందరికీ కష్టమే.

తిండి విషయంలో మనవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఒక్కటి మాత్రం: కట్టెల మంట మీద వంట ప్లాన్ చేసుకోకండి, గ్యాస్ స్టవ్ తీసుకెళ్లండి. మంటల మీద నిషేధాలు ఉంటాయి, ఎండు గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. గుహకు వెళ్లే రోజు పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుకుంటే మధ్యాహ్నం స్టవ్ ముట్టించే పని ఉండదు. డార్విన్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. రాష్ట్ర సరిహద్దులో క్వారంటైన్ చెక్‌పోస్టు ఉంది. పండ్లు, కూరగాయలు, తేనె దాటనివ్వరు. ఏది ఉన్నా ముందే చెప్పేయండి.

రాత్రి తిండి బయట వదలొద్దు. డింగోలు వస్తాయి. అవి కుక్కల్లాగే కనిపిస్తాయి, అయినా బిస్కెట్ వేయాలనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని ఒకసారి అలవాటైతే ఆ తర్వాత వచ్చే పిల్లల కుటుంబాలకు ప్రమాదం, చివరికి ఆ జంతువుకే చేటు.

తప్పనిసరిగా ఉండాల్సినవి: మనిషికొక హెడ్ టార్చ్, గ్రూపుకు అదనంగా రెండు, స్పేర్ బ్యాటరీలు, తడిసినా జారని బూట్లు, వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజీలు మూడు నాలుగు, ఒక బైనాక్యులర్స్, శాటిలైట్ ఫోన్ గానీ పర్సనల్ లొకేటర్ బీకన్ గానీ. బీకన్ అరచేతిలో పట్టే డబ్బా. ప్రాణం మీదకు వచ్చినప్పుడు నొక్కితే ఉపగ్రహం ద్వారా మీరున్న చోటు రెస్క్యూ కేంద్రానికి చేరుతుంది. ఇది అద్దెకు కూడా దొరుకుతుంది. ‘ఏమవుతుందిలే’ అని వదిలేయొద్దు. డ్రోన్ మాత్రం ఇంట్లో పెట్టి రండి, పార్కుల్లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

4. గ్రూపులో ఎవరి పని ఏమిటి

ఆరుగురు దాటితే గ్రూపు ఊరేగింపులా తయారవుతుంది, జంతువులు ముందే జారుకుంటాయి. నలుగురు, ఐదుగురు సరిగ్గా సరిపోతారు. ముందు నడిచేవాళ్లొకరు, చివర నడిచేవాళ్లొకరు ముందే ఖాయం చేసుకోండి. చివర నడిచేది గట్టిగా నడవగలిగేవాళ్లే అయి ఉండాలి, ఎందుకంటే వెనకబడినవాళ్ల దగ్గర ఆగాల్సింది వాళ్లే. ఈత రానివాళ్లెవరు, మోకాళ్ల నొప్పి ఎవరికి, చీకటంటే ఎవరికి భయం, ఇవి డెర్బీలో టీ తాగుతున్నప్పుడే అడిగేయండి. గుహ మధ్యలో బయటపడితే అందరికీ టెన్షన్.

ఊళ్లో ఉన్న ఎవరికైనా మీ రూటు, తిరిగొచ్చే రోజు మెసేజ్ పెట్టండి. ఏ రోజు ఎన్నింటికల్లా ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పాలో కూడా అందులోనే రాయండి.

5. విన్‌జానా: నది ఒడ్డున నిదానంగా

దీన్ని ఇక్కడి ఆదివాసులైన బునుబా ప్రజలు బండిల్‌న్గన్ అంటారు. ఈ నేల వాళ్లది. నేపియర్ కొండల వరుసను లెన్నార్డ్ నది మూడు కిలోమీటర్లకు పైగా కోసుకుంటూ పోయింది. రెండు వైపులా గోడలు కొన్ని చోట్ల వంద మీటర్లు లేస్తాయి. ఆ కొండలు అసలు కొండలే కావు. 35 కోట్ల ఏళ్లకు పైగా పూర్వం, డెవోనియన్ యుగంలో, ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు కట్టుకున్న రీఫ్ (సముద్ర జీవులు కట్టిన రాతి దిబ్బ) అది. గోడలను దగ్గరగా చూస్తే ఆనాటి సముద్ర జీవుల ఆనవాళ్లు రాయిలో అచ్చు పడి కనిపిస్తాయి. వేలితో చూపించుకోండి, గీకకండి, ముక్క జేబులో వేసుకోకండి.

సూర్యుడు లేచిన అరగంటకు లోపల ఉండేలా బయల్దేరండి. ఇరుకు సందులోంచి దాటగానే ఇసుక తిన్నెలు, పచ్చటి మడుగులు. వెంటనే ముందుకు పోవద్దు. చెట్టు నీడలో ఆగి తిన్నెలను బైనాక్యులర్స్‌తో ఒక చివర నుంచి ఇంకో చివరకు వెతకండి. మొదట దుంగలనుకున్నవే మొసళ్లు. ఇవి మంచినీటి మొసళ్లు, ఇక్కడివాళ్లు ‘ఫ్రెషీ’లంటారు. మూతి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పెద్ద మగది మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. ముఖ్యంగా చేపలు, పురుగులు, కప్పలు తింటాయి. ఎండెక్కాక నోరు తెరుచుకుని కదలకుండా పడుకుంటే మీద పడడానికి సిద్ధమైందని అనుకోకండి, ఒంటి వేడి తగ్గించుకుంటోంది.

ఉప్పునీటి మొసలి, అంటే ‘సాల్టీ’, వేరే జాతి. మూతి వెడల్పు, ఒళ్లు భారీ, మనిషిని వేటాడుతుంది. పేరు ఉప్పునీటిదే గానీ నదుల్లో చాలా లోపలికి వస్తుంది. అందుకని కింబర్లీలో ఏ నీళ్ల దగ్గరైనా బోర్డు చదవకుండా కాలు పెట్టొద్దు. విన్‌జానాలో ఉండేవి ఫ్రెషీలే అయినా ఈతకు దిగకండి. అవి మన జోలికి రావు, కానీ తొక్కినా, దారికి అడ్డంగా నిలబడినా కరుస్తాయి. సెల్ఫీ కోసం మొసలికీ నీటికీ మధ్యలో నిలబడడం అన్నిటికంటే చెడ్డ పని. భయపడితే అది పరిగెత్తేది నీటిలోకే, ఆ దారిలో మీరుంటారు. ఆగస్టు, సెప్టెంబరులో ఇసుకలో గుడ్లు పెడతాయి కాబట్టి తవ్వినట్టున్న ఇసుక మీద నడవకండి.

ఈ మొసళ్లకు పెద్ద కష్టం మనిషి నుంచి కాదు, ఒక కప్ప నుంచి వచ్చింది. చెరకు పంటను పాడుచేసే పెంకు పురుగులను తింటుందని 1935లో క్వీన్స్‌లాండ్‌కు తెచ్చిన కేన్ టోడ్ అది. పురుగులను తినలేదు సరికదా, ఖండం అడ్డంగా పాకుతూ 2009 నాటికి వెస్టర్న్ ఆస్ట్రేలియాలోకి వచ్చేసింది. దాన్ని మింగిన మొసలి విషానికి చస్తుంది. కప్పలు రాబోతున్న గార్జ్‌లలో పరిశోధకులు, పార్కుల శాఖ, బునుబా రేంజర్లు కలిసి ఒక ఉపాయం చేశారు. చచ్చిన కప్పల్లో విషం ఉన్న భాగాలు తీసేసి, వాంతి వచ్చే మందు ఎక్కించి మొసళ్లకు ఎరగా పెట్టారు. ఒకసారి తిని కడుపులో తిప్పిన మొసలి మళ్లీ ఆ కప్ప జోలికి పోదు. ఈ పాఠం పనిచేసింది, చావులు బాగా తగ్గాయి. రాత్రి క్యాంపులో టార్చ్ వెలుగులో లావుపాటి మచ్చల కప్ప కనిపిస్తే ఇదంతా గుర్తొస్తుంది. కానీ మీరే చంపడానికి పోవద్దు, అక్కడి మామూలు కప్పలను కూడా జనం పొరబాటున చంపేస్తుంటారు.

నడక దారి పక్కన పొదల కింద ఓ కన్నేసి ఉంచండి. ఎండు పుల్లలు రెండు గోడల్లా నిలబెట్టి, మధ్యలో సందు వదిలి, రెండు కొసల్లో తెల్లటి నత్త గుల్లలు, వెలిసిన ఎముక ముక్కలు, ఆకుపచ్చ గాజు పెంకులు పోగు చేసి కనిపిస్తే అది గ్రేట్ బోవర్‌బర్డ్ పని. అది గూడు కాదు, పెళ్లిచూపుల వేదిక. ఆడపక్షి సందులో నిలబడి చూస్తుంటే మగది ఒక్కో వస్తువు ముక్కున పట్టి చూపిస్తూ, మెడ వెనక దాచుకున్న ఊదా రంగు కుచ్చు విప్పుతుంది. నాలుగడుగుల దూరంలో కూర్చుని కదలకుండా ఉంటే చాలు. ఒక్క గుల్ల కూడా జరపకండి, ఆ అమరికకు అది ఎంత కష్టపడిందో దానికే తెలుసు.

ఎండ మండేటప్పుడు క్యాంపుకు వచ్చి పడుకోండి. సాయంత్రం ఐదుకు మళ్లీ లోపలికి. తెల్లటి కొరెల్లాలు (ఒక రకం కాకటూలు) గుంపులుగా చెట్ల మీదకు వాలి చేసే గోలకు పక్కవాడి మాట వినపడదు. అవి సద్దుమణిగే వేళకు పెద్ద గబ్బిలాలు లేస్తాయి.

6. టన్నెల్ క్రీక్: చీకట్లో 750 మీటర్లు

మూడో రోజు పొద్దున టెంట్లు సర్దుకుని బయల్దేరండి. విన్‌జానా దాటిన కాసేపటికే రోడ్డు పక్కన రాతి గోడలు మిగిలిన పాత పోలీస్ ఠాణా వస్తుంది, లిల్లిమిలూరా. అక్కడ ఆగి తీరాలి, ఎందుకంటే తర్వాత చూడబోయే గుహ కథ ఇక్కడే మొదలైంది. పోలీసులకు దారి చూపే ట్రాకర్‌గా పనిచేసిన జండమర్రా అనే బునుబా యువకుడు 1894లో ఇక్కడ కానిస్టేబుల్‌ను కాల్చి, గొలుసులతో కట్టేసిన తనవాళ్లను విడిపించాడు. ఆ వెంటనే విన్‌జానాలో పోలీసులతో పోరు జరిగింది. తమ నేలను పశువుల ఫారాలకు పంచుతున్న తెల్లవాళ్లతో దాదాపు మూడేళ్లు పోరాడాడు. టన్నెల్ క్రీక్ అతని దాగుడు చోట్లలో ఒకటి. 1897 ఏప్రిల్ 1న దాని దగ్గరే అతన్ని కాల్చి చంపారు. బునుబా మనుషులే నడిపే టూర్లు ఉన్నాయి. డబ్బు పెట్టగలిగితే వాళ్లతోనే గుహలోకి వెళ్లండి. ఈ కథ వాళ్ల నోట వినాల్సిందే.

గుహ పేరు వాళ్ల భాషలో డిమలుర్రు. బొర్రా, బెలుం గుహల్లాగా లైట్లు, మెట్లు, రెయిలింగ్ ఉంటాయనుకుని రావద్దు. ఇక్కడ ఉన్నది వాగు, చీకటి, మీ టార్చ్. కొండ కింద నుంచి వాగు తొలుచుకున్న సొరంగం, ఒక వైపు నుంచి ఇంకో వైపుకు 750 మీటర్లు.

మొదటి ఇబ్బంది గుమ్మంలోనే. పడిపోయిన పెద్ద బండల సందుల్లోంచి చేతులూ కాళ్లూ వాడి దిగాలి. నీళ్లు తగిలి తగిలి ఆ రాళ్లు నున్నబడ్డాయి, జారతాయి. బ్యాగులు ఒకరి నుంచి ఒకరికి అందించుకుని ఒక్కొక్కరుగా దిగండి. ఫోన్లు వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టాలి. దిగాక అందరూ ఒక నిమిషం టార్చ్‌లు ఆపేసి నిలబడితే కళ్లు చీకటికి కాస్త అలవాటు పడతాయి.

నీళ్లు దాటేటప్పుడు పాదం ఎత్తి వేయకుండా ఇసుక మీద జరుపుతూ నడవండి. లోతు ఏడాదికొక రకంగా ఉంటుంది. ఒకచోట చీలమండ దాకా, ఇంకోచోట నడుం దాకా. చల్లగా ఉంటాయి. ముందు నడిచేవాళ్లు ప్రతి మడుగునూ దిగే ముందే టార్చ్‌తో ఒడ్డు నుంచి ఒడ్డుకు వెతకాలి. ఎర్రటి చుక్కలు రెండు మెరిస్తే అది మొసలి. ఇక్కడా అప్పుడప్పుడు ఫ్రెషీలు ఉంటాయి. రాళ్లు విసరడాలు, అరవడాలు వద్దు. దూరంగా గోడ వెంట పక్కనుంచి పోవచ్చు. దారి లేకపోతే వెనక్కి తిరగండి.

సగం దారిలో పైకప్పు కూలి వెలుగు పడుతుంది. అక్కడి చెట్లకు పెద్ద గబ్బిలాలు వేలాడుతుంటాయి, ముందు వాసన తగులుతుంది, తర్వాత అవి కనిపిస్తాయి. లోపల మరిన్ని రకాలున్నాయి, వాటిలో ఘోస్ట్ బ్యాట్ అరుదైనది, పాలిపోయిన ఒంటి రంగుతో ఉంటుంది. పైకి టార్చ్ వేసి వాటిని బెదరగొట్టకండి, కాంతి నేల మీదే ఉండాలి. గబ్బిలాన్ని, చచ్చినదాన్నైనా, ముట్టుకోకూడదు. ఆస్ట్రేలియా గబ్బిలాల్లో రేబిస్‌కు దగ్గరి బంధువైన లిస్సా వైరస్ ఉండొచ్చు. గీరుకుంటే సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకోవాలి. ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్‌లో, డెర్బీలో ఆసుపత్రులున్నాయి.

అవతలి చివర బయటికి వస్తే వాగు, చెట్లు, రాతి మీద పాత బొమ్మలు. బొమ్మలను తాకొద్దు, చేతి జిడ్డుకు రంగు పోతుంది. పులిహోర అక్కడ తిని, మెతుకు మిగల్చకుండా డబ్బా మూసి, అదే దారిన వెనక్కి.

ఎక్కడో దూరాన వాన పడుతోందని తెలిసినా లోపలికి వెళ్లకండి. ఇది వాగు తొలిచిన గుహ, వాగు మళ్లీ వస్తే నిలబడే చోటుండదు.

7. ఏదైనా జరిగితే

పాము కరిస్తే కడగొద్దు, కోయొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. మనిషిని పడుకోబెట్టి, కరిచిన చోటు మీద మొదలుపెట్టి కాలు లేదా చెయ్యి మొత్తానికి ఎలాస్టిక్ బ్యాండేజీ గట్టిగా చుట్టండి, బెణుకుకు కట్టినంత బిగువు చాలు. కర్ర కట్టి కదలకుండా చేయండి. అతన్ని నడిపించకండి. శాటిలైట్ ఫోన్ ఉంటే 000కు చేయండి, లేకపోతే బీకన్ నొక్కండి. ఇలాంటి చోట్లకు విమానంలో వచ్చే డాక్టర్ల సేవ, రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్, 1928 నుంచి ఉంది.

బండి చెడిపోతే బండి దగ్గరే ఉండండి. ఆకాశం నుంచి వెతికేవాళ్లకు నడుస్తున్న మనిషి కంటే ఆగి ఉన్న బండి తేలిగ్గా కనిపిస్తుంది, పైగా నీళ్లు, నీడ అందులోనే ఉన్నాయి.

8. తిరుగు దారి

టెంటు మడిచే ముందు దులపండి, బూట్లు తిరగేసి కొట్టండి. కేన్ టోడ్‌లు వాటిలో దూరి కొత్త ఊళ్లకు ప్రయాణం చేస్తాయి. టన్నెల్ క్రీక్ నుంచి హైవే చేరగానే టైర్లలో గాలి మళ్లీ నింపండి, తక్కువ గాలితో తారు మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది. ఓపిక ఉంటే ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ పక్కనున్న డంగు గార్జ్‌ కూడా చూడొచ్చు. అక్కడి గోడల అడుగున వరద కడిగి తెల్లబరిచిన పట్టీ ఉంటుంది, వానాకాలంలో నది ఎంత ఎత్తుకు లేస్తుందో దాన్ని చూస్తే అర్థమవుతుంది. పడవ టూర్ నడుస్తోందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

అక్కడి నుంచి బ్రూమ్ సుమారు 400 కిలోమీటర్లు. బండి అప్పగించే ముందు కడిగించి, కింది భాగంతో సహా ఫొటోలు తీసి పెట్టుకోండి. సిగ్నల్ రాగానే మీకోసం ఎదురుచూస్తున్న మనిషికి ‘వచ్చేశాం’ అని ఫోన్ చేయండి. మరిచిపోతే ఆ రాత్రి మీకోసం పోలీసులు నిజంగానే వెతకడం మొదలుపెడతారు.